మూడో ఛానెల్లో వదిలేసిన పాత టోను

ఏడేళ్లుగా ఒక పని నా మీద బరువుగా కూర్చుని ఉంది. మనిషిని చంపలేదు. దొంగతనం చెయ్యలేదు. ఎవరైనా పట్టుకుని అడిగితే "మర్చిపోయానండీ" అని తప్పించుకోగలిగినంత చిన్న పని. అందుకే ఇన్నేళ్లు మొయ్యగలిగాను. పెద్ద నేరమైతే ఎప్పుడో ఎక్కడో బయటపడేది. ఇది పడదు. నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదు. మొదట్లో ఆ సంగతి ధైర్యాన్నిచ్చింది. తర్వాత అదే నన్ను తినడం మొదలుపెట్టింది.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఒక్కటి మాత్రం ముందే చెప్పుకుంటాను. చదివాక "పోనీలెండి, ఇలాంటివి ఎవరు చెయ్యరు" అని మాత్రం అనకండి. అలా ఓదార్చేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఆ మాట నాతో నేను చాలాసార్లు అనుకుని, హాయిగా భోంచేసి పడుకున్న రోజులున్నాయి కాబట్టి.

నేను బహ్రెయిన్ వచ్చి పద్నాలుగేళ్లు. సీఫ్‌లో ఒక ఇంజనీరింగ్ కంపెనీ ఆఫీసులో డ్రాయింగులు, కాగితాలు చూసుకునే ఉద్యోగం. మాది గుంటూరు వైపు. కాలేజీలో ఉండగా పరీక్ష రాసి హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాను. అంటే సరదా కోసం, నేర్చుకోవడం కోసం, ప్రభుత్వం అనుమతితో వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్లలో ఒకణ్ణి. ఇక్కడికి వచ్చాక ఇక్కడి అనుమతి కూడా తీసుకున్నాను. ప్రతి చేతిలో ఫోనుండగా ఇదెందుకని అడుగుతారు. బజార్లో చేపలు దొరుకుతుండగా గాలం పట్టుకుని ఒడ్డున ఎందుకు కూర్చుంటారో, ఇదీ అందుకే.

ఇక్కడ మేం ఆరుగురం తెలుగువాళ్లం ఉండేవాళ్లం. శుక్రవారం సెలవు. టిఫిన్లయ్యాక ఒక గంట అందరం సెట్లు పట్టుకుని రిపీటర్ మీద కలిసేవాళ్లం. రిపీటర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు.

చేతిలో పట్టుకునే చిన్న సెట్టు మాట ఊళ్లో నాలుగు వీధులు దాటడమే గొప్ప. అందుకని ఎత్తయిన భవనం మీద ఒక యంత్రం పెడతారు. మనం ఒక ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడతాం. అది విని, ఆ క్షణంలోనే ఇంకో ఫ్రీక్వెన్సీ మీద గట్టిగా తిరిగి పలుకుతుంది. ద్వీపం మొత్తం వింటుంది. అదే రిపీటర్. ఐతే ఎవరు పడితే వాళ్లు మాట్లాడితే అది పలకదు. మన గొంతుతో పాటు చెవికి ఆనని సన్నటి స్వరం ఒకటి సెట్టులోంచి వెళ్లాలి. దాన్ని టోను అంటాం. టోను సరైనదైతే రిపీటర్ మన మాట ఎత్తుకుంటుంది. కాకపోతే, మనం గొంతు చించుకున్నా, దాని దృష్టిలో మనం లేము. మనకు మాత్రం అందరి మాటలూ వినిపిస్తూనే ఉంటాయి. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి.

శుక్రవారం పేర్లు పిలిచేది నేను. ఎవరు ముందు మాట్లాడాలో, ఎవరు తర్వాతో నేను చెప్పాలి. అందరి ఫోన్ నంబర్లూ నా దగ్గరే ఉండేవి. ఆఫీసులో నన్ను పిలిచి సలహా అడిగేవాడు లేడు. ఆ గంటలో మాత్రం నా మాట కోసం ఐదుగురు ఆగేవారు. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. కానీ ఆ గంట కోసమే నేను వారం మొత్తం బతికేవాణ్ణి.

అప్పుడు లింబన్న వచ్చాడు.

జగిత్యాల దగ్గర పల్లె అతనిది. ఏసీలు బిగించే కంపెనీలో ఎలక్ట్రీషియన్. ఎండాకాలమంతా భవనాల కప్పుల మీదే డ్యూటీ. గుదైబియాలో ఒక పాత ఫ్లాటులో ఏడుగురితో కలిసి ఉండేవాడు. మా ఇల్లూ గుదైబియాలోనే, అతని ఇంటికి నాలుగు వీధులు ఇవతల, కాస్త కొత్త భవనంలో. ఊళ్లో రేడియోల రిపేరు నేర్చుకునే రోజుల్లో అతనూ హామ్ పరీక్ష పాసయ్యాడట. ఇక్కడి అనుమతీ తెచ్చుకున్నాడట. నాకు అది మొదటి దెబ్బ. అవును, దెబ్బే. ఇది చదువుకున్నవాళ్ల వ్యవహారమని నాలో నేను గీత గీసుకుని ఉన్నాను. లేబర్ క్యాంపుల నుంచి, కప్పుల మీద నుంచి ఎవరైనా దీనిలోకి రాగలరని నాకు తోచలేదు.

అతని సెట్టు అన్నిటికంటే చవకది. తెర లేదు. అంకెల మీటలు లేవు. నెత్తిన పదహారు నంబర్ల తిప్పుడు బిళ్ల ఒకటి, పక్కన మాట్లాడే మీట, ఒక చిన్న దీపం. ఏ నంబరులో ఏ ఫ్రీక్వెన్సీ ఉందో బయటికి కనబడదు. కంప్యూటరుకి కేబుల్ పెట్టి ఎక్కించాలి. ఆ సెట్టుతోనే అతని గొంతు మా అందరికంటే స్పష్టంగా వచ్చేది. ఏసీ పనిలో మిగిలిన రాగి గొట్టం ముక్కలతో ఏరియల్ చేసి, డాబా పిట్టగోడకి కట్టాడు. మా గుంపులో వర్మ గారని ఒక ఇంజనీరు ఉన్నారు. సీఫ్ మాల్స్‌లో సెక్యూరిటీ వాళ్ల వాకీటాకీలు బాగుచేసే కంపెనీ ఆయనది. ఆయన ఆ ఏరియల్ కొలతలు అడిగి రాసుకున్నారు. అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు.

ఒక శుక్రవారం నేను నవ్వించాలనుకున్నాను. "లింబన్న గారి భాష అర్థం కావాలంటే మనకి ఇంకో రిపీటర్ కావాలండీ" అన్నాను, అతని యాసలోనే సాగదీసి. ఇద్దరు నవ్వారు. లింబన్న మీట నొక్కాడు.

"సార్, రిపీటర్ జెప్పింది జెప్పినట్టే జెప్తది. మీకు గావల్సింది రిపీటర్ గాదు, చెవుల డాక్టరు. సల్మానియ దవాఖానల ఉంటరట. చీటి రాపియ్యాల్నా?"

అందరూ నవ్వారు. వర్మ గారు మీట వదలడం మరిచి నవ్వారు. ద్వీపం మొత్తం వినేలా. నేను కూడా నవ్వినట్టు చేశాను. ఆ మాటలో తప్పేముంది? నేనొకటన్నాను, అతనొకటన్నాడు. కానీ ఆ రోజు నుంచి అతని గొంతు వినబడితే నా పళ్లు బిగుసుకునేవి. అతను ఏం చెప్పినా దాంట్లో పొగరు వెతికేవాణ్ణి. దొరికేది కూడా. వెతికితే దొరకనిదేముంది?

ఆ వేసవిలో రిపీటర్ టోను మార్చారు. ఎండలు ముదిరితే సముద్రం మీద గాలి పొరలు మారి, ఎక్కడో అవతలి తీరం సెట్లు కూడా మా రిపీటర్‌ని లేపేవి. అందుకని కొత్త టోను పెట్టారు. అందరి సెట్లలోనూ అది మార్చాలి. కేబులూ కంప్యూటరూ ఉన్నది నా దగ్గర. ఇది మాలో ఆనవాయితీ. కేబుల్ ఉన్నవాడు ఎక్కిస్తాడు, మిగతావాళ్లు సెట్టు ఇచ్చి టీ తాగుతూ కూర్చుంటారు. లోపల ఏం రాశావని ఎవరూ అడగరు. లింబన్న కూడా తెచ్చి ఇచ్చాడు. దానితో పాటు ఒక కవరులో నాలుగు అరిసెలు. ఎవరో ఊరి నుంచి వస్తూ తెచ్చారట.

అతను హాల్లో కూర్చున్నాడు. నేను లోపలి గదిలో కంప్యూటరు ముందు. తెర మీద పదహారు వరుసలు. ఒకటో నంబరు నేరుగా సెట్టు నుంచి సెట్టుకి మాట్లాడే ఛానెల్. మూడోది రిపీటర్. వినే ఫ్రీక్వెన్సీ, పంపే ఫ్రీక్వెన్సీ, చివరి గడిలో టోను. పాత టోను. దాన్ని తుడిచి కొత్తది రాయాలి. నా వేలు ఆ గడి మీదకి వెళ్లింది. ఆగింది.

నేను ఏమీ చెయ్యలేదు. నిజానికి నా నేరం అంతా ఈ మాటలో ఉంది. ఏమీ చెయ్యలేదు. పాత టోను అలాగే ఉంచి సెట్టులోకి పంపేశాను. మర్చిపోయానా? ఈ ప్రశ్న ఏడేళ్లలో ఎన్నిసార్లు వేసుకున్నానో. ప్రతిసారీ, ఏమో, పని హడావిడిలో మర్చిపోయానేమో అని సమాధానం కట్టుకోవాలని చూశాను. ఇవాళ ఇక్కడ రాస్తున్నాను. మర్చిపోలేదు. చూశాను, చదివాను, వదిలేశాను. పట్టుబడితే మర్చిపోయానని చెప్పొచ్చన్న ఆలోచన కూడా అప్పుడే, ఆ గడి మీద వేలు ఉండగానే వచ్చింది.

సెట్టు తీసుకుని అతను "ఒకసారి సూద్దమా సార్" అన్నాడు. ఒకటో నంబరుకి తిప్పి నేరుగా మాట్లాడి చూపించాను. బ్రహ్మాండంగా వినిపించింది. మూడో నంబరు తిప్పనివ్వలేదు. రిపీటర్ మీద ఇప్పుడెవరో మాట్లాడుతుంటారులే అన్నాను. అతను నమ్మాడు. అరిసెలు నేనే తిన్నాను.

తర్వాతి శుక్రవారం పేర్లు పిలిచాను. లింబన్న పలకలేదు. ఇంకో వారం. పలకలేదు. మిగతావాళ్లు అడిగితే "డ్యూటీలో ఉన్నాడేమో" అన్నాను. మధ్యలో అతను ఫోన్ చేశాడు, రిపీటర్ తనని ఎత్తుకోవడం లేదని. ఏరియల్ చూసుకో, డాబా మీద ఇంకో మూలకి మార్చి చూడు అని చెప్పాను. ఆగస్టు నెల. ఉదయం పదింటికే చెయ్యి పెడితే కాలే పిట్టగోడలు. ఆ ఎండలో అతను, సెలవు రోజు కూడా కప్పు మీదే, రాగి గొట్టాలు అటూ ఇటూ మారుస్తూ నిలబడ్డాడు. నాకెలా తెలుసా?

విన్నాను. అసలు చెప్పడానికి భయపడ్డది ఇది.

నా సెట్టు ఖరీదైనది. దాంట్లో ఒక మీట నొక్కితే రిపీటర్ పలికేది కాకుండా, రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీని నేరుగా వినొచ్చు. మాట్లాడే మనిషి దగ్గర్లో ఉంటే, రిపీటర్ అతన్ని ఎత్తుకోకపోయినా నాకు వినిపిస్తాడు. లింబన్న నాలుగు వీధుల అవతల ఉన్నాడు. అతని పేరు పిలిచి, ఆ మీట నొక్కి పట్టుకునేవాణ్ణి. అప్పుడు వచ్చేది అతని గొంతు. "ఉన్న సార్, లింబన్న, ఏరియల్ ఇంకో మూలకు మార్చిన, వినవడుతున్ననా?" అని. మీట వదిలేవాణ్ణి. "లింబన్న గారు లేనట్టున్నారు" అని అందరికీ చెప్పేవాణ్ణి. తర్వాతి పేరు.

ద్వీపం మొత్తం మీద అతని మాట వినేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి నాకు ఎంత సంతోషాన్నిచ్చిందో రాయకపోతే ఇది ఒప్పుకోలు కాదు. ఇచ్చింది. మూడు శుక్రవారాలు ఇచ్చింది.

నాలుగో శుక్రవారం వర్మ గారు మాట్లాడే వంతు వచ్చింది. ఆయన మామూలుగా వాతావరణం గురించి మొదలుపెట్టి, ఉన్నట్టుండి అన్నారు. "లింబన్న గారూ, వింటుంటే పలకండి. మా వర్క్‌షాపులో వైర్‌లెస్ సెట్లు చూసే మనిషి మానేశాడు. మీ చేతిపని నాకు తెలుసు. వీసా మార్పు సంగతి, మీ వీసా చేతిలో ఉన్న కఫీల్‌తో మా వాళ్లు మాట్లాడతారు. ఇష్టమైతే చెప్పండి, రేపే రండి."

ఏసీలో కూర్చుని చేసే పని. అతనికి ప్రాణమైన పని. కప్పుల మీద నుంచి కిందికి దిగే దారి.

వర్మ గారు మీట వదిలారు. రిపీటర్ నిశ్శబ్దమైంది. నేను నా వినే మీట నొక్కాను.

"ఉన్న సార్! వర్మ సార్, నేను లింబన్న, ఉన్న! వస్త సార్, రేపే వస్త. వినవడుతున్ననా సార్? వర్మ సార్..."

అతను పరుగెత్తి వచ్చినట్టు ఆయాసపడుతున్నాడు. మళ్లీ పలికాడు. మళ్లీ. నాలుగోసారి గొంతు మారింది. నా బొటనవేలు ఆ మీట మీదే ఉంది. వర్మ గారు "లేనట్టున్నాడు పాపం" అన్నారు. అప్పుడు నేను మాట్లాడే మీట నొక్కి, మామూలు గొంతుతో, "అవునండీ, లింబన్న గారు ఇవాళ కూడా రాలేదు. తర్వాత ఎవరు?" అన్నాను.

అక్కడైనా ఆగలేకపోయానా? ఒక్క మాట అంటే అయిపోయేది. ఉన్నాడండీ, నాకు వినిపిస్తున్నాడు. అంతే. ఆ మాట పెదవుల దాకా కూడా రాలేదు. మనసులో ఉన్నది జాలి కాదు, భయం కూడా కాదు. గెలిచాననే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే లింబన్న వచ్చాడు. మా భవనం కింద మలయాళీ కెఫెటీరియా ఉంది. నేను టీ తాగుతున్నాను. అతను ఎదురుగా నిలబడ్డాడు. చేతిలో సెట్టు. మొహం ఎండకి కమిలి ఉంది. కూర్చోమనలేదు నేను.

"సార్, వర్మ సార్ పిలిచిండు. ఇన్నరా?"

"విన్నాను."

"నేను పలికిన. నాలుగైదుసార్లు పలికిన. మీకు ఇనవడ్డదా?"

"లేదు."

"మరి గదేంది సార్? రిపీటర్ ఎత్తుకుంటె, నేను మీట ఇడిసినంక పచ్చలైటు ఎలగాలె గద. అందరు మాట్లాడితె ఎలుగుతది. నేను మాట్లాడితె ఎలగదు. డాబా మీద జాగ మార్చిన. ఏరియల్ మార్చిన. బాటిరి మార్చిన. మార్వనిది ఒక్కటే ఉన్నది."

"ఏంటది?"

"మీరు ఎక్కిచ్చింది."

నా చెవులు వేడెక్కాయి. "అంటే నేను తప్పు ఎక్కించాననా?"

"తప్పంటలేను సార్. మనిషన్నంక మర్శిపోతం. జెర కేబుల్ వెట్టి సూడుండ్రి. రెండు నిమిషాల పని."

మర్చిపోతాం. అతనే ఆ మాట అందించాడు. నేను దాచుకున్న సాకుని నా చేతికే ఇచ్చాడు, మర్యాదగా. అందుకుని ఉంటే? అయ్యో, చూసుకోలేదయ్యా, పద పైకి అని ఉంటే? నవ్వేవాడు. చెవుల డాక్టరు తర్వాత కళ్ల డాక్టరు కూడానా సార్ అనేవాడు. సాయంత్రానికి వర్మ గారితో మాట్లాడేవాడు. అన్నీ రెండు నిమిషాల్లో సర్దుకునేవి. నేను దొరికిపోకుండానే.

నేనేమన్నానో వినండి.

"ఆరు సెట్లు ఎక్కించాను. ఐదు పనిచేస్తున్నాయి. నీదొక్కటే చెయ్యకపోతే లోపం ఎక్కడుందో నీకే తెలియాలి. చెత్త సెట్టు కొనుక్కుని నా మీద పడతావేంటి?"

"సరే సార్. సెట్టు చెత్తదే. వర్మ సార్ ఫోన్ నంబరన్న ఇయ్యుండ్రి. నేనే మాట్లాడుత."

"ఆయన్ని అడక్కుండా ఎలా ఇస్తాను? నేను చెప్తాలే." అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. "అయినా లింబన్నా, ఆయనేదో మర్యాదకి అన్నాడు. అది వర్క్‌షాపు. రిపోర్టులు ఇంగ్లిషులో రాయాలి. నిన్ను నిజంగా పెట్టుకుంటారనుకున్నావా?"

టీ పోస్తున్న మనిషి తలెత్తి చూశాడు. అతనికి తెలుగు రాదు. అయినా చూశాడు. లింబన్న సెట్టు నెత్తిన ఉన్న బిళ్లని వేళ్లతో తిప్పుతూ నిలబడ్డాడు. టిక్కు, టిక్కు, టిక్కు.

"నువ్వు నన్ను పలకనిస్తలేవు" అన్నాడు. అప్పటిదాకా ఉన్న మర్యాద ఆ మాటలో లేదు. "ఎట్లనో నాకు తెల్వది. కేబుల్ నీ తాన ఉన్నది, నా తాన లేదు. గంతే తేడా. చదువు గాదు, తెలివి గాదు. కేబుల్."

సెట్టు తీసి నా టీ గ్లాసు పక్కన పెట్టాడు. పెట్టడం కాదు, కొట్టాడు. టీ తొణికింది.

"ఉంచుకో. నీ శుక్రారం సభల నువ్వే పిలువు, నువ్వే పలుకు. ఖలాస్."

వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను అతన్ని చూడలేదు.

రెండ్రోజుల తర్వాత వర్మ గారు ఫోన్ చేసి లింబన్న సంగతి అడిగారు. "ఓవర్‌టైం బాగా ఉందట, ఇప్పట్లో మారే ఉద్దేశం లేదన్నాడండీ. శుక్రవారాలు కూడా ఇక రాడట" అని చెప్పాను. ఒక్క తడబాటు లేకుండా. వర్మ గారు నొచ్చుకున్నారు. ఆ మాట నాతో స్వయంగా చెప్పొచ్చుగా అన్నారు. ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది. మా గుంపులో లింబన్న పొగరుబోతని పేరు పడింది. అతనికి మేమంతా పొగరుబోతులం. రెండు వైపులా నేను చెప్పిందే నిజమైంది.

మరుసటి వేసవిలో, లింబన్న గదిలో ఉంటూ మా వీధి లాండ్రీలో పనిచేసే గంగారాం అనే అతను చెప్పాడు. లింబన్న డ్యూటీలో కప్పు మీద పడిపోయాడట. వడదెబ్బ. సల్మానియా ఆస్పత్రిలో మూడు రోజులుగా ఉన్నాడట. "జెర పోయి సూడుండ్రి సార్, మీ రేడియో మనిషే గద" అన్నాడు గంగారాం. పాపం, అతనికేమీ తెలియదు. ఆఫీసు నుంచి వచ్చే దారిలోనే ఆస్పత్రి. వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను అని అనుకున్నట్టు గుర్తు. కాదు. ఆ మాట తర్వాత కల్పించుకున్నది. అప్పుడు అనుకున్నది, వెళితే మళ్లీ కేబుల్ గురించి అడుగుతాడేమో అని. అంతే. ఆ నెలలోనే లింబన్న వీసా రద్దయి, ఎగ్జిట్ మీద ఊరికి వెళ్లిపోయాడు.

వర్క్‌షాపులో ఉండి ఉంటే పడిపోయేవాడా? ఈ ప్రశ్నకి జవాబు మీకు తెలుసు. నాకూ తెలుసు.

శుక్రవారాలు ఆగలేదు. పేర్లు ఇప్పటికీ నేనే పిలుస్తాను. అందరూ పలికాక ఒకసారి ఆ మీట నొక్కి వింటాను. అలవాటైపోయింది. బుస్సుమని గాలి చప్పుడు తప్ప ఏమీ రాదు. ఏం వస్తుందని నొక్కుతున్నాను? పశ్చాత్తాపమా అది? ఏమో. నాకు నేను మంచివాడిలా కనబడటానికి చేసే ఇంకో వేషమేమో. దాని మీద కూడా నాకు కోపమే.

పోయిన నెల రిపీటర్ టోను మళ్లీ మార్చారు. మళ్లీ అందరూ సెట్లు తెచ్చి హాల్లో టీ తాగారు. వాళ్లు వెళ్లాక సొరుగులోంచి లింబన్న సెట్టు తీశాను. ఏడేళ్లలో నేను దాన్ని పారెయ్యలేదు, సరిచెయ్యలేదు. కేబుల్ పెట్టి లోపలున్నది చదివాను. మూడో వరుస. చివరి గడి. పాత టోను అలాగే ఉంది. మనుషులు మర్చిపోతారు, మార్చి చెప్పుకుంటారు. అది మాత్రం నేను వదిలేసింది వదిలేసినట్టు పట్టుకుని కూర్చుంది.

సెట్టుని ఛార్జింగ్ పెట్టాను. మూడో నంబరుకి తిప్పాను. మీట నొక్కి, చేసినదంతా చెప్పాను. గట్టిగా, మొదటి నుంచి. వదిలాక చూశాను. పచ్చలైటు వెలగలేదు. రిపీటర్ ఎత్తుకోలేదు, ఎవరూ వినలేదు. గుండె కాస్త తేలికైనట్టే అనిపించింది. వెంటనే నా మీద నాకు అసహ్యం వేసింది. ఎవరూ వినరని తెలిసిన చోటు చూసుకుని ఒప్పుకున్నాను. అక్కడ కూడా మోసమే.

మర్నాడు లాండ్రీకి వెళ్లి గంగారాం దగ్గర నంబరు తీసుకున్నాను. "గిన్నేండ్లకు యాదికొచ్చిండా?" అన్నాడు, నా మొహంలోకి చూడకుండా, చొక్కా మడతపెడుతూ. ఫోన్ చేశాను. లింబన్న ఇప్పుడు మోటార్లు వైండింగ్ చేసే దుకాణం నడుపుతున్నాడు. వెనకాల ఏదో మోటారు తిరుగుతోంది. నా పేరు చెప్పగానే మోటారు ఆగింది. నేనే చెప్పుకుపోయాను. టోను, కేబుల్, వర్మ గారికి చెప్పిన అబద్ధం, ఆస్పత్రి. అతను మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు.

"నేనప్పుడు నిన్నొక మాట అడిగిన" అన్నాడు. "యాదున్నదా?"

"ఉంది."

"మళ్ల అడుగుతున్న. ఆ రోజు నేను పలికింది నీకు ఇనవడ్డదా?"

ఆ వినే మీట సంగతి అతనికి చెప్పలేదు నేను. అన్నీ చెప్పి, అది ఒక్కటి దాచాను. ఆఖరికి అప్పుడు కూడా. అతను సరిగ్గా దాని మీదే చెయ్యి పెట్టాడు.

"వినపడింది" అన్నాను. "ప్రతి మాటా."

దుకాణంలో ఎవరో తమ మోటారు గురించి అడిగారు. "ఆగు, అస్తున్న" అని అతను వాళ్లతో అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

క్షమించమని నేను అడగలేదు. అతను మళ్లీ ఫోన్ చెయ్యలేదు. చెయ్యడు. వర్మ గారికి ఇంకా చెప్పలేదు. వచ్చే శుక్రవారం పేర్లు పిలవకముందే, అందరూ వింటుండగా చెబుతానని ఇక్కడ రాయాలని ఉంది. రాయను. అలాంటివి చెప్పాకే రాయాలి.

సెట్టు సొరుగులోనే ఉంది. టోను మార్చలేదు. అతనికి ఆ మధ్యాహ్నం, టీ గ్లాసు ముందు నిలబడి అడిగినప్పుడు ఇవ్వాల్సిన జవాబు ఒక్క ముక్క. వినపడింది. ఏడేళ్లు అది నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు లేదు. అతనికి చేరింది. దానితో ఏం చేసుకుంటాడో అతనిష్టం.